గిద్దలూరాయన పిడికిలి

మా తాలింఖానా వస్తాదుగారు మొన్న శుక్రవారం పొద్దున పోయారు. మార్కాపురంలో కుస్తీ నేర్చినవాళ్లలో ఆయన చేత వీపు మట్టి చేసుకోనివాడు లేడు. అందరూ ఆయన గొప్పలు చెప్పుకుంటున్నారు. నేను నా తప్పు కూడా చెప్పుకోవాలి.

కోమట్ల బిడ్డకు కుస్తీలేమిటని బజారంతా నవ్వుతుంటే, దుకాణంలోంచి లేచి పోయిన నన్ను ఆయన నవ్వకుండా గోదాలోకి దించారు. మొదట నేర్పింది పట్టు కాదు, మట్టి ఇవ్వడం. తలపడే ముందు ఇద్దరూ పిడికెడు మట్టి తీసి ఒకరి భుజాన ఒకరు వేయాలి. నీ ప్రాణానికి హాని తలపెట్టనని దాని అర్థం. పటాలం నుంచి వచ్చిన ఒకాయన తోలు తొడుగులు తెచ్చి మాకు బాక్సింగు నేర్పబోతే, వస్తాదుగారు కాసేపు చూసి, "గుద్దేదానికి కోపం చాలు. పట్టేదానికి మర్యాద కావాల" అన్నారు. మర్నాటి నుంచి ఆ సిపాయి కూడా మట్టి ఇచ్చాకే గుద్దేవాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. రోజూ పొద్దున్నే గోదా తవ్వి, నూనె, పసుపు కలిపి చదును చేశాక, ఎదురుగా ఎవరూ లేనిచోటికి పిడికెడు మట్టి విసిరి, భుజం వంచి నిలబడేవారు. మేమంతా గోడవార నిలబడి చూసేవాళ్లం. ఒక్కోరోజు అవతల ఎవరో తోసినట్టు ఆయన కుడికాలు మట్టిలో వెనక్కి జారేది. కళ్లారా చూశాను, నమ్మకపోతే మీ ఇష్టం.

ధైర్యం చేసి ఒకసారి అడిగాను. పడుచు వయసులో గిద్దలూరు పహిల్వాన్ ఒకాయనతో తలపడ్డారట. తాను మట్టి ఇచ్చి, ఆయన తిరిగి ఇవ్వకముందే తొందరపడి చెయ్యేశారట. మెడ విరిగి ఆ మనిషి మూడోరోజు పోయాడు. కచ్చేరివాళ్లు ప్రమాదమని రాసుకుని వదిలేశారు.

"మొదలుగాని కుస్తీ అయిపోయేది యాడ నాయనా? ఆయన ఇంకా నిలబడే ఉండాడు."

నెల కిందట మంచాన పడ్డాక నన్ను పిలిపించి, చేతిలో గోదా మట్టి పెట్టారు. గిద్దలూరాయన పేరు చెప్పి నా భుజాన వెయ్యి, నిమ్మళంగా పోతానన్నారు. చచ్చినవాడికి చెయ్యి అరువివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. నా వల్ల కాదని మట్టి అక్కడే పోసి వచ్చేశాను. నలుగురిలో తొడలు చరిచిన మొనగాణ్ణి, సిగ్గులేకుండా పారిపోయాను.

వస్తాదుగారు సాయిబు. వాళ్లలో పూడ్చేటప్పుడు గుంతలో మట్టి వేయడాన్ని కూడా మట్టి ఇవ్వడమనే అంటారు. మనిషికి మూడు పిడికిళ్లు. మొన్న ఆయన గుంతలో నావి మూడూ అయ్యాక నాలుగోది తీశాను. వస్తాదుగారి తమ్ముడు నా మణికట్టు పట్టుకుని, "మూడే నాయనా" అన్నాడు.

"ఇది నాది గాదు చిన్నాయనా. గిద్దలూరాయనది."

ఆయన చెయ్యి వదిలేశాడు. నేను మట్టి వేశాను. గుంత చుట్టూ కిక్కిరిసి నిలబడ్డ తాలింఖానా వాళ్లు, ఎవరూ చెప్పకుండానే, నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి జరిగారు.