మిర్చి లేని ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఊరికే నమ్మేవారు కాదు. లక్సెట్టిపేట బజారులో మాది కిరాణా దుకాణం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూడా మా తాత కంటికి ఏదో అడగడానికి వచ్చినవాళ్ళలాగే కనబడేవారు. నేనూ ఆ ఇంటి పిల్లనే. ఈ వయసులో కూడా ఆస్పత్రికి పోతే, డాక్టరు రాసిన మాత్రల్లో కొన్ని తగ్గించమని బేరమాడతాను. ఆయన తగ్గిస్తే, మొదట ఎందుకు ఎక్కువ రాశాడా అని దారి పొడవునా అనుమానపడతాను. నా మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

మా దుకాణానికి ఒక నియమం ఉండేది. గద్దె మీద కూర్చున్న మనిషి నోటి వెంట ‘లేదు’ అన్న మాట రాకూడదు. ఉప్పు అయిపోతే ‘రేపొస్తది’ అనాలి. అరువు ఇవ్వడం ఇష్టం లేకపోతే ‘బాపును అడిగి చెప్త’ అనాలి, బాపు పక్కనే కూర్చుని ఉన్నా సరే. దీపం పెట్టిన చోట లేదంటే లక్ష్మి వింటుందని మా తాత భయం. ఆ భయమే ఒకసారి ఆయన్ని ఇరకాటంలో పడేసింది.

మా మేనత్తను బొగ్గుగనుల కాలనీ దగ్గర చిన్న దుకాణం నడిపే ఆయనకు ఇచ్చారు. ఆయన జ్వరంతో పోయాక అత్త మా ఇంటికి తిరిగి వచ్చేసింది. వచ్చిందన్న మాటే గానీ నోరు మెదిపేది కాదు. పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చుంటే పొద్దుగూకినా లేచేది కాదు. ఏరడానికి రాళ్ళు లేకపోయినా ఏరేది. మా తాత దుకాణంలోంచి అప్పుడప్పుడూ తలతిప్పి ఆమెను చూసి, గట్టిగా దగ్గి, మళ్ళీ గిరాకీ వైపు తిరిగేవాడు.

అలాంటి అత్త ఒకనాడు గద్దె ముందుకు వచ్చి నిలబడింది. “బాపూ, ఆదివారం పొద్దుగాల మన ఎనుక గోదాము ప్రార్థనకు ఇస్తవా?” అని అడిగింది. తిరిగి వచ్చాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. తాత గద్దె మీద ఉన్నాడు. లేదనలేడు. “ఇస్త తియ్యి” అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

గోదాము కావలసిన మనిషి ఒక పాస్టరయ్య. బొగ్గుబాయిలో పనిచేసి, అది మానేసి, ఊరూరా ప్రార్థనలు చేయిస్తూ మా ఊరు చేరాడు. మామ జ్వరంతో పడి ఉన్న రోజుల్లో ఈయన భార్య వచ్చి అత్త పక్కన ఊరికే కూర్చునేదట. అలా కుదిరిన పరిచయం. ఊళ్ళో అప్పటికే పాత మిషన్ చర్చి ఉంది. అక్కడి వాళ్ళు ఇస్త్రీ బట్టలు వేసుకుని, పాటల పుస్తకం పట్టుకుని, నెమ్మదిగా పాడుకునేవారు. వాళ్ళకూ ఈయన మీద గురి లేదు. గా చప్పట్లేంది, గా లొల్లేంది, దేవునికేమన్న చెవుడా అనేవారు.

మా తాత అనుమానం అది కాదు. బజారుకు వచ్చినవాడు ఏదో ఒకటి అమ్మాలి. ఈయన ఏమీ అమ్మడం లేదు. మరి ఏం కొనడానికి వచ్చాడు? “ఏం అమ్మనోడు నా బిడ్డనే కొంటడేమో” అని నాయనమ్మతో అంటుంటే విన్నాను. ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. అప్పటికే ఒకసారి నలిగి వచ్చిన కూతురు ఎవరి మాయమాటలకో మళ్ళీ నలిగిపోతే, ఇక పప్పు ఏరడానికి కూడా మిగలదని ఆయన దిగులు.

అందుకని నన్ను కాపలా పెట్టాడు. అత్త పక్కన కూర్చుని, వాళ్ళు ఏం చెప్తున్నారో, ఏం అడుగుతున్నారో విని వచ్చి చెప్పాలి. పాటలు పాడిన్రు తాతా, అనేదాన్ని. ఇంకా? కండ్లు మూసుకుని ఏడ్సిన్రు. ఇంకా? అత్త పాడింది. అది విన్నప్పుడు ఆయన ముఖం కొంచెం మెత్తబడి, వెంటనే మళ్ళీ బిగుసుకునేది. సరుకు ఎంత బాగుంటే వెనక అంత పెద్ద ధర ఉంటుందని ఆయన అనుభవం. నాకూ పాస్టరయ్య ముఖంలో ధర కోసం వెతకడం ఆటగా ఉండేది. దొరికేది కాదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగేది.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేడు, పొమ్మనలేడు. కాబట్టి వాళ్ళంతట వాళ్ళే పోవాలి. ఎండు మిరపకాయల కాలం వచ్చింది. ఒక శనివారం బండ్లు వచ్చి గోదాము ముందు ఆగాయి. మూడు గోడల వెంట మిరప బస్తాలు పేర్పించి, నడుమ జాగా మాత్రం ఖాళీగా వదిలాడు. ఇచ్చిన జాగా ఇచ్చినట్టే ఉంది మరి. అంతటితో ఆగలేదు. తాలుకాయలు ఏరే వంకతో కొన్ని బస్తాలు విప్పించి, నేల మీద కుమ్మరించి, చాటలతో చెరిగించి మళ్ళీ నింపించాడు. ఘాటు మా వంటింటి దాకా వచ్చింది. నాయనమ్మ తుమ్ముతూ తిట్టింది. తాత ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

మరునాడు పొద్దున నన్ను పిలిచి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, “ఇయ్యాల గోదాముకు పోకు పిల్లా, నా కాడ కూసో” అన్నాడు. అడగకుండా బెల్లం ఇవ్వడం మా తాత చరిత్రలో లేదు. బెల్లం నోట్లో వేసుకుని నేరుగా గోదాముకే పోయాను. అత్తను కూడా ఏదో పని చెప్పి ఆపబోయాడు గానీ, ఆమె అప్పటికే వెళ్ళి చాపలు పరుస్తోంది.

మొదటి పాట బాగానే సాగింది. రెండో పాటకు చప్పట్లు అందుకున్నాయి, డోలక్ ఊపందుకుంది, చాపల కింద నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. ముందు ఒక ముసలమ్మ దగ్గింది. తరువాత అందరూ. కళ్ళు మండి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కులు చీదుతున్నారు, కొంగులతో తుడుచుకుంటున్నారు, తుడిచిన కొద్దీ మంట పెరుగుతోంది. అయినా లేవడం లేదు. నేనూ లేవలేదు, నాది మాత్రం భక్తి కాదు, చివరికి ఏం జరుగుతుందో చూడాలన్న ఆశ.

ఆ కాలంలో మా ఊరి వారపు అంగడి ఆదివారమే. సందులోంచి పోతున్న జనం తలుపు దగ్గర ఆగారు. లోపల ఇంతమంది ఒక్కసారిగా వెక్కివెక్కి ఏడవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

“ఏమైందే?”

“లోపట దేవుడు దిగిండట!”

“సేటు గోదాములనా?”

“అగో, సేటు మనుమరాలు సుత ఏడుస్తుంది సూడు!”

ఆ చివరి మాటతో సందు నిండిపోయింది. సేటు ఇంటి పిల్ల ఊరికే కన్నీళ్ళు కార్చదని ఊరంతా ఎరుగును. చెప్పులు విడిచి లోపలికి తోసుకు వస్తున్నారు. వచ్చినవాళ్ళకు కూడా రెండు నిమిషాల్లో కళ్ళు ధారకడుతున్నాయి. కొందరు మోకరించారు. తక్కెట్లో పప్పు తూకం సగంలో ఉండగానే మా దుకాణం ముందు గిరాకీ కూడా అటే పరుగెత్తింది. తక్కెడ పట్టుకుని మా తాత నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పొగబెట్టి పంపాలనుకున్నవాడికి తానే జనాన్ని తోలిపెట్టాడు.

నేను పాస్టరయ్య ముఖం చూశాను. అంతమందిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు. ఆయన కళ్ళు జనం మీద నుంచి బస్తాల మీదికి, బస్తాల మీద నుంచి మళ్ళీ జనం మీదికి పోయాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. నాసిరకం బియ్యాన్ని చూసి మంచి బియ్యమని గిరాకీ తనంతట తానే మురిసిపోతున్నప్పుడు, మా ఇంటి గద్దె మీద కనబడే చూపే అది. అలాంటప్పుడు మా వాళ్ళు అబద్ధం చెప్పరు. ఊరుకుంటారు, అంతే. ఊరుకుంటే చాలు. ఆయనా ఒక్క ఊపిరి పట్టు ఊరుకున్నాడు. ఇదిగో, ధర దొరికింది అనుకున్నాను.

అప్పుడాయన చెయ్యెత్తి డోలక్ ఆపించాడు. బస్తా దగ్గరికి పోయి, ఒక ఎండు మిరపకాయ తీసి పైకెత్తి పట్టుకున్నాడు.

“అన్నలారా, అక్కలారా, జర ఆగుండ్రి. గీ కండ్లనీళ్ళు దేవునియి కావు, గీ మిర్చియి. నా కండ్లు సుత గందుకే మండుతున్నయ్. దేవుడు అచ్చిన్నాడు నేనే మిమ్ముల పిలుస్త. ఇప్పుడైతే పోయి అంగడి చూస్కోండ్రి.”

జనం బస్తాల వైపు తలలు తిప్పి చూశారు. తరువాత నవ్వులు లేచాయి. “గంతేనా! నా టమాటలు ఆడ ఇడ్సిపెట్టి అస్తి గదనయ్యా!” అని ఒకాయన లబలబలాడాడు. ఇంకొకాయన దుకాణం వైపు తిరిగి, “మిర్చి మస్తు ఘాటున్నది సేటూ, ఎట్లిస్తవ్?” అని అరిచాడు. తాత అలవాటు కొద్దీ ధర చెప్పబోయి ఆగిపోయాడు. సందు ఎంత వేగంగా నిండిందో అంత వేగంగా ఖాళీ అయింది. వారం వారం వచ్చేవాళ్ళలోనే కొందరు ముఖం ముడుచుకుని లేచి పోయారు. తమ ఏడుపు మిర్చి ఏడుపని నలుగురి ముందు అనిపించుకోవడం ఎవరికి ఇష్టం?

మిగిలిన నలుగురైదుగురిలో మా అత్త ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వణుకుతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆపుకోలేక, “బాపూ... బాపూ, మిర్చి...” అంటూ నవ్వుతోంది. ఆ నవ్వు దుకాణం దాకా వినబడింది. మా తాత తక్కెడ కింద పెట్టి, గద్దె దిగి వచ్చాడు. గిరాకీ వేళ ఆయన గద్దె దిగడం నేను చూడడం అదే మొదలు.

వచ్చి పాస్టరయ్య ముందు నిలబడి, “ఎందుకు చెప్పినవయ్యా? నిలవడ్డ గిరాకిని ఎవడన్న ఎల్లగొడ్తడా?” అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు అడిగాడు. వ్యాపారం చెడగొట్టుకునేవాణ్ణి చూస్తే, శత్రువైనా సరే, ఆయనకు ప్రాణం ఉసూరుమనేది.

పాస్టరయ్య ముక్కు తుడుచుకుని నవ్వాడు. “నువ్వు గీ బస్తాలు అమ్ముకుంటవ్ సేటూ. మిర్చి లేని ఆదివారం అస్తది. గప్పుడు వాళ్ళ ముందల ఏం పెట్టాలె? మల్ల బస్తాల కోసం నీ కాడికే ఉరకాల్నా?”

బస్తాలు ఎందుకు పెట్టించావని ఆయన అడగలేదు. తాత చెప్పలేదు. సాయంత్రానికి మాత్రం కూలీలు వచ్చి బస్తాలన్నీ మా ఇంటి వసారాలోకి మార్చారు. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటూ తిరిగాము. “నమ్మినవా తాతా?” అని అడిగాను. “నమ్మలే” అన్నాడు. “గాని సరుకుల లోపం ముందుగాల ఆయనే చెప్పిండు. గసుంటోని కాడికి బిడ్డను పంపొచ్చు.” ఆ తరువాత ప్రతి ఆదివారం గోదాము వాకిట్లో స్టూలు వేసుకుని, కునుకు తీస్తున్నట్టు కూర్చునేవాడు. లోపలికి ఎప్పుడూ పోలేదు. కునుకు ఎప్పుడూ తీయలేదు.

కొన్నేళ్ళకు జనం పెరిగి, గోదాము చాలక వాళ్ళు రేకుల షెడ్డుకు పోయారు. తరువాత నిర్మల్‌లో ఒక కొట్టం, బోథ్‌లో ఒక ఇంటి వసారా, ఆపైన కరీంనగర్‌లో పెద్ద హాలు. మా అత్త పాస్టరయ్య భార్యతో కలిసి బోథ్ పోయి, చివరిదాకా అక్కడే చాపలు పరిచింది, వచ్చినవాళ్ళ పక్కన ఊరికే కూర్చుంది. నేను వాళ్ళలో చేరలేదు. మా తాత స్టూలు మాత్రం నాకు దక్కింది.

ఇప్పుడా సంఘం నడిపేది పాస్టరయ్య మనవడు. కరీంనగర్‌లో ఆయన మాట్లాడితే అన్ని ఊళ్ళలోనూ తెర మీద కనబడతాడు. తెర మీది మనిషికి ఎదుట కూర్చున్నవాళ్ళ దగ్గు వినబడదు కదా అని నా అనుమానం. మొన్నామధ్య కెమెరా మనుషులతో మా ఇంటికి వచ్చాడు. సంఘం చరిత్ర మీద, ముందు ముందు ప్రతి మండలంలో పెట్టబోయే శాఖల మీద ఒక చిత్రం తీస్తున్నారట. ఫోనులో చూపించాడు. బొమ్మగీసిన గోదాములో జనం చేతులెత్తి ఏడుస్తున్నారు, వెనక గంభీరమైన సంగీతం. ఆత్మ దిగిన ఆదివారమట. ఆ రోజు లోపల ఉన్నవాళ్ళలో మిగిలింది నేనే కాబట్టి, అందరూ ఏడ్చారని నేను చెప్పాలి. మా గోదాము తాళం ఇస్తే, మొదలైన చోటే కొత్త శాఖ తెరుస్తారు.

“అందరు ఏడ్సింది నిజమే బిడ్డా. మరి బస్తాలేవి?” అన్నాను.

ఆయనకు తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి. “గది అవసరమా పెద్దమ్మా? జనం నవ్వుతరు.”

“మీ తాత ముందల సుత నవ్విన్రు.”

“ఒక్క మాటల, చిన్నగ చెప్తం తియ్యిండ్రి.”

“మీ తాత కాయ పైకెత్తి చెప్పిండు.”

బేరం చాలాసేపు నడిచింది. నేను లేదనలేదు, మా ఇంటి నియమం కదా. గోదాము తాళంచెవి రేపొస్తది అన్నాను. లేవబోతూ ఆయన వాకిట్లో ఆగాడు. చాపమీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. వంగి ఒకటి తీసుకుని, వాసన చూసి, గట్టిగా తుమ్మి, జేబులో వేసుకున్నాడు. ఎందుకో నేను అడగలేదు. మచ్చుకు కాస్త సరుకు పట్టుకుపోయినవాడు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. గద్దె మీద పెరిగిన నాకు ఆ మాత్రం తెలుసు.

ఎవరైనా నా ఎదుట కన్నీళ్ళు పెట్టినా, పెద్ద పెద్ద హాళ్ళు నిండినా, ఇప్పటికీ నేను ముందు ముక్కుతోనే చూస్తాను, ఎక్కడైనా ఘాటు తగులుతుందేమోనని. కానీ నాలో మిగిలింది అనుమానం ఒక్కటే కాదు. ఒక్క ఊపిరి పట్టు ఊరుకుని, ఆ తరువాత చెయ్యెత్తి డోలక్ ఆపించిన ఆ మనిషి లాంటివాడి కోసం నేను ఇంకా వాకిట్లో స్టూలు వేసుకునే కూర్చున్నాను. కునుకు మాత్రం తీయడం లేదు.