గని నోటి దాకా వెళ్ళిన లుదోవినా

"...అందుకే చెప్తున్నా, నా రొట్టెల పక్కన దాని రొట్టె కాలడానికి వీల్లేదు. తీసెయ్ అవతలికి."

"పొయ్యి నీ ఒక్కదానిదా, ఓర్తెన్సియా అక్కా?" అంది లుదోవినా.

"నాదెందుకవుద్దే? మొగుళ్ళు బతికున్నవాళ్ళందరిదీ."

ఒకరిద్దరు నవ్వారు. ఓర్తెన్సియా పొడవాటి చెక్క పారతో లుదోవినా పిండిముద్దను పొయ్యిలోంచి లాగి బూడిదలో పడేసింది. దాని మీద లుదోవినా వేలితో గీసిన చేప తోక ఇంకా చెదరలేదు. మా గని కూలీల వరసలో ఇళ్ళన్నిటికీ పొయ్యి ఒకటే. అందుకే ఎవరి రొట్టె మీద వాళ్ళ గుర్తు ఉంటుంది.

లుదోవినా వంగి పిండిని ఒళ్ళోకి ఎత్తుకుంది.

"ఆ పొద్దున నా వంతు నువ్వు లాక్కోకపోతే రొట్టె వేళకి కాలేది," అంది. "నేను గని దాకా పరిగెత్తే పనే ఉండేది కాదు."

"విన్నారా? మొగుణ్ణి తిన్నది, నా తమ్ముణ్ణి తిన్నది, పాపం మాత్రం నాకు పెడుతోంది!"

లుదోవినా ఈ తీరంలో పుట్టిన మనిషి కాదు. కొండల అవతల మపూచే తెగవాళ్ళ పల్లెలో పుట్టింది. సైనికులు వచ్చి ఆ పల్లెను తగలబెట్టాక, ఎవరో దొర అక్కడ కంచె వేసి గోధుమ చల్లాడు. తండ్రి ఆ కంచె బయటే కూలికి కుదిరి, అక్కడే పోయాడు. బొగ్గు తవ్వే బెలార్మినో ఆమెను చేసుకుని మా ఊరు పుంతా మాన్సాకి తీసుకొచ్చేనాటికి ఆమెకు మా మాట సరిగా రాదు. కొళాయి దగ్గర ఆమె యాసను అనుకరించడం మాకు రోజూ ఉండే వినోదం. వెక్కిరింపులు వింటూనే భాష నేర్చుకుంది. తిట్లు ముందు వచ్చాయి, తర్వాత మిగతావి.

ఇక్కడ గని సముద్రం కిందికి పోతుంది. తవ్వేవాళ్ళకు పైన కెరటాలు దొర్లిన చప్పుడు వినిపిస్తుందట. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని రాత్రి షిఫ్టు వాళ్ళది. బెలార్మినో తవ్వే సొరంగంలో ఆ పని క్లొదొమీరో చేసేవాడు. అతను పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, బెలార్మినో ఇంట్లోనే అద్దెకుండేవాడు. పొద్దున బెలార్మినో లేచి వెళ్ళిన పక్క మీద అతను వచ్చి పడుకునేవాడు. మా వరసలో పక్కలు చల్లబడవు.

షిఫ్టు ముగిసి పైకొచ్చేటప్పుడు దుంగల పనివాడు, దుంగలు కోయగా తెగిపడిన చెక్క ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకోవచ్చు. అది ఎప్పటినుంచో ఉన్న రివాజు. క్లొదొమీరో తెచ్చే కట్టెలు లుదోవినా వంటకు సరిపోగా వరస పొయ్యి రాజేయడానికి కూడా వచ్చేవి. అందుకే అతనంటే అందరికీ ఇష్టం. ఓర్తెన్సియా అయితే అతని కోసం వేడి రొట్టె విడిగా తీసి ఉంచేది.

ఇంకో రివాజు కూడా ఉంది. ఆడది గని నోటి దగ్గరికి వెళ్ళకూడదు, వెళ్తే గని మనుషుల్ని మింగుతుందని నమ్మకం. షిఫ్టువాళ్ళు గనిలోకి దిగే వేళ అక్కడ ఆడమనిషి కనపడితే, కూలి పోయినా సరే, అందరూ దీపాలు తిరిగిచ్చేసి ఇళ్ళకు వచ్చేస్తారు. ఆ పొద్దున పొయ్యి దగ్గర లుదోవినా వంతును ఓర్తెన్సియా తీసుకుంది. రొట్టె కాలేసరికి బెలార్మినో ఖాళీ సంచితో వెళ్ళిపోయాడు. సముద్రం కింద చీకటి పడేదాకా పస్తుండాలి. లుదోవినా తల మీద శాలువా కప్పుకుని, వేడి రొట్టెను గుడ్డలో చుట్టి పరిగెత్తింది. గని నోటి దగ్గర పట్టాల అంచున అతని చేతికి ఇచ్చి వెనక్కి తిరిగింది. అప్పుడే పైకొస్తున్న క్లొదొమీరో ఆమెను చూశాడు. ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి పైకప్పు కూలి సముద్రం లోపలికి వచ్చింది. బెలార్మినో, ఓర్తెన్సియా తమ్ముడు, ఇంకొకతను లోపలే ఉండిపోయారు. మిగతా గనిని కాపాడుకోవడానికి కంపెనీ ఆ సొరంగానికి అడ్డంగా గోడ కట్టించింది. గోడ పూర్తయ్యాక ఆ ముగ్గురి కోసం ఫాదరు అటు తిరిగి ప్రార్థన చదివాడు. మర్నాడు కొళాయి దగ్గర క్లొదొమీరో తాను చూసింది చెప్పాడు.

గనికెళ్ళే ఇంటి మగాడు లేని ఇల్లు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి, అద్దెకున్నవాడు లెక్కలోకి రాడు. కంపెనీ మనిషి వచ్చి ఆ మాట లుదోవినాకు గుమ్మంలో నిలబడే చెప్పి పోయాడు. వెళ్ళడానికి ఆమెకు పల్లె లేదు. వరసలో ఎవరూ పలకడం లేదు. బూడిద అంటిన పిండి తెచ్చుకున్న పొద్దునే ఆమె దాన్ని దులిపి పెనం మీద కాల్చింది. క్లొదొమీరో సముద్రపు నాచు పులుసు ముందేసుకుని కూర్చున్నాడు.

"వదినా, ఇల్లు నిలవాలంటే ఇంట్లో మగాడుండాలి. నేనున్నా గదా. నిన్ను చేసుకుంటా. ఈ ఆడాళ్ళు కూడా నోరు మూస్తారు."

"ఆ పొద్దున నన్ను చూసినోడివి అప్పుడే ఎందుకు అరవలేదు?"

"అరిస్తే అందరూ ఇళ్ళకి పోయేవాళ్ళు. పోయిన కూలికి నన్ను తిట్టేవాళ్ళు."

"మర్నాడు చెప్తే తిట్టలేదా?"

అతను రొట్టె ముక్క పులుసులో ముంచాడు. "పైకప్పు ఎందుకు కూలిందని అందరూ నన్నే అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి గదా."

లుదోవినా పొయ్యి వెనక కట్టెల కుప్ప దగ్గరికి వెళ్ళింది. అడుగున ఉన్న రెండు లావుపాటి కట్టెలు లాగింది. ఒక్కోదానికి ఒక చివర ఎర్ర రంగు ఉంది. ఎవరూ ఎత్తుకుపోకుండా పైకప్పు కింద నిలబెట్టే దుంగల చివరలకు కంపెనీ వేసే రంగు అది. రంపంతో కోసిన చివరలు రెండూ కలిపి నేల మీద పెట్టింది. అతికినట్టు సరిపోయాయి. పొడవు మనిషి ఎత్తు ఉంది.

"ఇది తెగిన ముక్కా?"

"నువ్వు కాల్చలేదా?" అన్నాడు క్లొదొమీరో, గిన్నె వంచి తాగుతూ. "వరసంతా కాల్చలేదా? వెళ్ళి చెప్పు మరి. నీ మొగుడి దుంగలతోనే నీ మొగుడి రొట్టె కాల్చావని చెప్పు. ఓర్తెన్సియాకి కూడా చెప్పు, వాళ్ళ తమ్ముడిది ఏ రొట్టెకి పోయిందో."

ఆమె కట్టెలు రెండూ తీసి మళ్ళీ కుప్ప మీద పెట్టింది.

"నాలుగు కట్టెలు ఎక్కువ తెస్తే పొంగిపోయేదానివి," అన్నాడు. చెయ్యి కడుక్కుని బెలార్మినో పక్క మీద పడుకున్నాడు.

మరుసటి రొట్టెల రోజున లుదోవినా పిండి పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. ఓర్తెన్సియా పార అడ్డం పెట్టింది. పొయ్యి లోపల ఎర్ర చివరలున్న కట్టెలు రెండు అప్పుడే అంటుకుంటున్నాయి. క్లొదొమీరో కొళాయి దగ్గర మెడ రుద్దుకుంటున్నాడు.

"మళ్ళీ వచ్చావా?"

"ఆదివారం నాకూ క్లొదొమీరోకీ పెళ్ళి," అంది లుదోవినా.

ఆడవాళ్ళు అతని వైపు చూశారు. అతను తడి చేతులతో జుట్టు వెనక్కి దువ్వుకుని తల ఊపాడు. ఎవరో ఈల వేశారు. ఓర్తెన్సియా పార పక్కకు తీసింది.

"మొగుడున్నదానివి అయ్యావు గదా. పెట్టుకో. ఆ మూలన పెట్టు, నావాటికి తగలనీకు."

లుదోవినా పిండిముద్ద మీద చేప తోక గీసి లోపలికి తోసింది. చేతులు దులుపుకుని కొళాయి వైపు తిరిగింది.

"సోమవారం నుంచి ఆయన రొట్టె నేనే తీసుకెళ్ళి ఇస్తా," అంది, అందరికీ వినపడేలా. "గని నోటి దగ్గర. ఆయన గనిలోకి దిగే వేళకి. రోజూ."