ఐనార్ బండి గంట

ఐనార్ ట్వైట్ నడిపే బండిని మా ఊరి మగాళ్ళు ఆడపిల్లల బండి అనేవాళ్ళు. కాఫీ పోస్తున్న నా మొహమ్మీదే అనేవాళ్ళు. నేనూ ఆడదాన్నేననీ, బయట నిలబెట్టి ఉన్నవాటిలో అన్నిటికంటే బరువైన బండి నాదేననీ ఒక్కడికీ తట్టేది కాదు. ఆ బండీ, ఈ హోటలూ మా ఆయన పోతూ పోతూ నాకొదిలిన ఆస్తి. హోటల్ అన్నం పెడుతోంది. బండి నడుం విరగ్గొడుతోంది.

ఐనార్‌ది ఎనిమిది వందల సీసీ క్రూజర్, కాళ్ళు ముందుకు చాపి నడిపే మోటారుసైకిలు. జపాను బండి, ముదురు ఎరుపు, అప్పటికే ఒకడు వాడి వదిలేసింది. మనిషి జున్ను ఫ్యాక్టరీలో పాలతొట్ల దగ్గర నలభై ఏళ్ళు నిలబడ్డవాడు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే పంతొమ్మిదేళ్ళు చూసుకున్నాడు. ఆవిడ పోయిన నెలలోనే ఈ బండి కొన్నాడు. యాభై నాలుగేళ్ళ వయసులో, తనకోసమని కొనుక్కున్న మొదటి వస్తువు అదేనట.

"అంతకుముందు బూట్లు కూడా కొనుక్కోలేదా?" అని అడిగాను.

"కొన్నాను. అవి పనికెళ్ళడానికి" అన్నాడు.

మే నుంచి అక్టోబరు దాకా ఆదివారాలు మేం ఎనిమిదిమందిమి మా హోటల్ ముందునుంచి బయల్దేరి, మిసిసిపి నది పక్కనే కొండలెక్కి దిగి, సాయంత్రానికి తిరిగొస్తాం. ముందు హార్లన్. పశువుల దాణా అమ్ముతాడు, ఊళ్ళో తనే పెద్ద అనుకుంటాడు. వాడి వెనక పెద్ద బండ్లు వరసగా, అన్నిటికీ చివర చిన్నది. చివరివాడికో పని ఉంది. ఎవరి బండి మొరాయించినా ముందువాళ్ళకి తెలీదు కాబట్టి చివరివాడు ఆగాలి. పనిముట్ల సంచి వాడి దగ్గరే ఉంటుంది. ఐనార్ పదకొండేళ్ళు మా అందరి వీపులు చూస్తూ నడిపాడు.

"ఒరేయ్ ఐనార్, ఆ కుట్టుమిషను ఇంకెన్నాళ్ళు తొక్కుతావురా? పెద్దది కొనుక్కోరాదూ" అనేవాడు హార్లన్ వారం వారం, గుడ్ల పళ్ళెం ముందు కూర్చుని.

"నాకు చిన్నది చాలు. నీలా పొట్ట పట్టడానికి పెద్దది కొనుక్కునే అవసరం నాకింకా రాలేదు" అనేవాడు ఐనార్.

అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. నోరులేని మనిషేం కాదు. కానీ నవ్వు అయిపోయాక హార్లన్ వంకే ఇంకాసేపు చూసేవాడు, ఇంకేదో అంటాడేమోనన్నట్టు. హార్లన్ అప్పటికి మా గుంపులోనే ఉన్న డ్వేన్‌తో తన కొత్త సైలెన్సర్ గురించి మాట్లాడుతూ ఉండేవాడు.

ఒక మంగళవారం వానకి హోటల్ ఖాళీగా ఉంది. నిజంగానే ఎందుకు పెద్దది కొనవని అడిగాను. ఐనార్ నోటినుంచి అన్ని మాటలు ఒక్కసారి వినడం నాకదే మొదలు.

"కూర్చుంటే నా రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతాయి మార్నా. ఆగాలంటే భయం ఉండదు. కంకరమీద పడిపోయిందనుకో, నేనొక్కణ్ణే లేపుకోగలను. హార్లన్ బండి పడితే ముగ్గురు కావాలి, ఆ ముగ్గురిలో ఒకణ్ణి ఎప్పుడూ నేనే. కాళ్ళు ముందుకు చాపి, చేతులు వదులుగా వేసి, యాభై మైళ్ళ వేగంలో పోతుంటే ఇంజను అరవదు, కింద గురక పెడుతున్నట్టుంటుంది. ఆ వేగంలో వాసనలన్నీ అందుతాయి. కోసిన గడ్డి, పేడ, ఎవరింట్లోనో వేయించే ఉల్లిపాయలు. లోయలోకి దిగుతుంటే చల్లగాలి ముందు మోకాళ్ళకి తగులుతుంది, తర్వాత మెడకి. నలభై ఏళ్ళు తొట్టిముందు నిలబడ్డ నడుం ఇది. మంచమ్మీద కంటే ఆ సీటుమీదే దీనికి హాయి. బోల్టు వదులైతే నా గరాజులో నేనే బిగించుకుంటా."

కాఫీ ఒక గుక్క తాగి మళ్ళీ అన్నాడు. "ఇంకోటి. ఎదురుగా ఎవడో బండిమీద వస్తాడు. ఎడంచెయ్యి కిందకి దించి రెండు వేళ్ళు చూపించి పోతాడు. నేనెవరో వాడికి తెలీదు, అయినా పలకరించాడు. ఫ్యాక్టరీలో మేనేజరు నన్ను నలభై ఏళ్ళూ ఎడ్గర్ అనే పిలిచాడు."

నేను నవ్వాను. నవ్వాల్సిన మాట కాదు అది. తమలో ఒకడని నలుగురూ అనుకోవాలని ఆ మనిషి ఎంతగా కోరుకుంటున్నాడో నాకు ఆ రోజే అర్థం కావాల్సింది. నేను కప్పులు తుడుచుకుంటున్నాను.

ఇక గంట సంగతి. మా బండ్లన్నిటికీ కింద, నేలకి అందేంత దగ్గర్లో, బొటనవేలంత ఇత్తడి గంట ఒకటి కట్టి ఉంటుంది. రోడ్డుమీద చిన్న చిన్న దయ్యాలుంటాయి, అవి బండిని పట్టుకుని బ్రేకు పట్టనివ్వవు, లైటు ఆర్పేస్తాయి. గంట ఉంటే అందులో దూరి, ఆ మోత భరించలేక రోడ్డుమీద పడి చస్తాయి. గుంతలు పడేది అవి పడ్డచోటే. మా కౌంటీ రోడ్డు చూసినవాళ్ళెవరైనా ఇది నమ్ముతారు. అయితే ఆ గంట ఇంకో బండివాడు చేతికివ్వాలి. తనకి తాను కొనుక్కుంటే అది ఉత్త ఇత్తడి. మే నెల మొదటి ఆదివారం చర్చి ముందు పాస్టరు బండ్లకి దీవెన చదువుతాడు. ఆ రోజు పాతవాళ్ళు కొత్తవాళ్ళ బండి దగ్గర వంగి, తామే స్వయంగా గంట కడతారు. బండి అమ్మితే గంట విప్పేసుకోవాలి. ఉంచెయ్యాలంటే ఇచ్చినవాళ్ళని ఒక మాట అడగాలి.

నాకు గంట కట్టింది ఐనారే. మా ఆయన పోయిన ఏడాది, ఆ బరువుని ఎలా తిప్పాలో తెలీక చర్చి ముందు ఏడుపుమొహంతో నిలబడి ఉంటే, వచ్చి మోకాళ్ళమీద కూర్చుని కట్టాడు. డ్వేన్‌కి కట్టిందీ అతనే. ఇంకో ఇద్దరికి కూడా. కొత్తగా ఎవరొచ్చినా బండి కిందకి తొంగిచూసేవాడు. తన బండికీ ఒక గంట ఉండేది, పక్కన సొట్టపడ్డది. ఎవరు కట్టారని నేనెప్పుడూ అడగలేదు. ఎవరో ఒకరు కట్టే ఉంటారుగా అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

కిందటి ఏప్రిల్లో బండి అమ్మేస్తానన్నాడు. కుడికంట్లో నడిమధ్య చూపు పోయిందట, డాక్టరు ఇక రోడ్డెక్కొద్దన్నాడట. కొంటానని మా అక్క కూతురు బ్రిన్ వచ్చింది. ఆస్పత్రిలో నర్సు, ఏదైనా పద్ధతి ప్రకారం జరగాలనే పిల్ల. శనివారం పొద్దున హోటల్ ముందు కాగితాలమీద సంతకాలయ్యాయి. లోపల మా గుంపు మొత్తం టిఫిను దగ్గర కూర్చుని ఉంది. నేను ఒక చేతిమీద మూడు పళ్ళేలు పెట్టుకుని, పొయ్యిమీద బంగాళాదుంపలు మాడుతున్నాయని వంటవాణ్ణి తిడుతున్నాను. బ్రిన్ తలుపు తోసుకుని వచ్చింది.

"పిన్నీ, బండి నాదైపోయింది! గంట కూడా ఉంచేసుకోనా? కట్టింది నువ్వేనట, నిన్నడగమన్నాడు ఐనార్."

"నేనా? నేనెప్పుడు కట్టానే? నా బండికి కట్టింది అతను" అన్నాను, హాలంతా వినబడేలా.

చెప్పింది నిజమే. ఇన్నేళ్ళ అబద్ధాల బతుకులో నోరు జారి నిజం చెప్పాల్సింది ఆ ఒక్క క్షణంలోనేనా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. బ్రిన్ వెనకే ఐనార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లోవ్సు పట్టుకుని.

"మార్నా కాకపోతే మరెవరు? డ్వేనూ, నువ్వేనా?" అన్నాడు హార్లన్.

"నేను కాదు. నువ్వనుకున్నా" అన్నాడు డ్వేన్.

బల్ల చుట్టూ ఒకరి తర్వాత ఒకరు నేను కాదంటే నేను కాదన్నారు. ఎవరూ కాదు. అప్పుడు హార్లన్ తొడ చరిచి నవ్వాడు.

"ఒరేయ్ ఐనార్! నీకు నువ్వే కొనుక్కున్నావట్రా?"

ఇద్దరు ముగ్గురు నవ్వేశారు కూడా. తర్వాత ఆగిపోయారు.

"బండి కొన్న రెండో ఏడు" అన్నాడు ఐనార్. గొంతు మామూలుగానే ఉంది. "గంటేదిరా అని నువ్వు మూడుసార్లు అడిగావు హార్లన్. నాలుగోసారి అడక్కుండా సంతలో కొని కట్టుకున్నా."

బ్రిన్‌వైపు తిరిగి, "అది తీసి పారెయ్యమ్మా, ఉత్త ఇత్తడి" అన్నాడు.

"మీరిస్తున్నారుగా. నాకు పనిచేస్తుంది" అంది బ్రిన్. ఆ గదిలో బుద్ధున్నది దానికొక్కదానికే.

ఐనార్ తలూపి బయటికి నడిచాడు. ఇల్లు రెండు మైళ్ళు. బయట ఏడు బండ్లు ఖాళీగా ఉన్నాయి, ఎనిమిదోది బ్రిన్‌ది. నేను పళ్ళేలు దింపి గుమ్మంలోకి వచ్చేసరికి పెట్రోలు బంకు దాటి వంపు తిరిగిపోయాడు. వెనక వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలో తెలీలేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు.

తర్వాత అందరికీ కొంచెం గిల్టీగా అనిపించింది. కొంచెమే. హార్లన్ మంచి గంట ఒకటి తెప్పించి, దానిమీద ఐనార్ పేరు చెక్కించాడు. మే మొదటి ఆదివారం పాస్టరు దీవెన అయ్యాక ఏడు బండ్లూ ఐనార్ ఇంటికి బయల్దేరాయి. అరుగుమీద కూర్చుని గడ్డి కోసే మిషను బ్లేడు సాన పడుతున్నాడు. మేం ఇంజన్లు ఆపాక కూడా కాసేపు సాన పడుతూనే ఉన్నాడు.

హార్లన్ చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. మన ఐనార్, మన సోదరుడు, అలా నడిచింది. గంట చాపాడు.

ఐనార్ దాన్ని తీసుకుని, మంచి కన్ను దగ్గర పెట్టుకుని పేరు చదువుకున్నాడు. "ఎవరిస్తున్నారు?" అన్నాడు.

"అందరం."

"అందరూ ఇవ్వరు హార్లన్. ఒకళ్ళివ్వాలి. వంగి కట్టాలి. ఎక్కడ కడతావు? బండి లేదుగా."

"గుర్తుగా అల్మరాలో పెట్టుకోరా. ఏదో తప్పయింది, దాన్ని పట్టుకుని కూర్చుంటావేం?"

ఐనార్ గంటని మళ్ళీ అతని చేతిలో పెట్టాడు. హార్లన్ దాన్ని అరుగు చెక్కమీద పెట్టి, "మనం చెయ్యాల్సింది చేశాం" అని మాతో అని, బండెక్కాడు. మిగతావాళ్ళూ ఎక్కారు. ఎవరి మొహంలోనూ బరువు లేదు. గంట ఇచ్చేశారు కదా.

నేనూ స్టార్టు చేశాను. ఐనార్ చెయ్యెత్తాడు.

"ఆగు మార్నా. నీ గంట తాడు తెగేలా ఉంది. వస్తున్నప్పుడే చప్పుడు తేడాగా వినిపించింది."

మెట్లు దిగి వచ్చి, చొక్కా జేబులోంచి తీగముక్క తీశాడు. అరవై అయిదేళ్ళ మనిషి, నా బండి పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. కుడికన్ను పనికిరాక తల పక్కకి వంచి, వేళ్ళతో తడుముకుంటూ పాత తాడు విప్పాడు. అతని నడినెత్తిన జుట్టు పలచబడ్డ చోటు చూస్తూ కూర్చున్నాను. 

"నా పేరెందుకు చెప్పావు ఐనార్?" అన్నాను.

"ఎవరో ఒకరి పేరు చెప్పాలిగా." తీగ రెండు చుట్లు తిప్పాడు. "నువ్వైతే అవునంటావనుకున్నా."

 క్షమించమని అడగలేదు నేను. ఐనార్ ముడి బిగించి, గంటని వేలితో ఒకసారి కొట్టి విన్నాడు. లేచేటప్పుడు ఆసరాకి నా హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఇంక వెళ్ళు. వాళ్ళు పోయారు. వెనక చూసేవాడెవడూ లేడు" అన్నాడు.

తల తిప్పి చూశాను. ఆరు బండ్లు అప్పటికే వంతెన దాటి కొండ ఎక్కుతున్నాయి. నేను ఆగిపోయానని ఒక్కరూ చూసుకోలేదు.