ఎగైలా వంటింట్లో మంచు కబురు

వెంకటేశ్వరిది లక్కిరెడ్డిపల్లె, నాది గాలివీడు. ఈ అరబ్బు దేశంలో, ఎగైలా అనే పేటలో ఒకే ఇంట్లో ఆమె వంటా పిల్లలూ చూసుకుంటుంది, నేను కారు తోలుతాను. నా పేరు జిలానీ బాషా. నాకు నోటిదురుసు ఎక్కువని అంటారు, అననీ. ఇన్నేళ్ళలో ఆమెతో తగువు పడని రోజు లేదు, ఆమెను లోలోపల మెచ్చుకోని రోజూ లేదు.

మా ఇంటివాళ్ళకు మంచు పిచ్చి. ఏటా జనవరి చివర బడులకు సెలవులివ్వగానే జార్జియా దేశంలో ఒక కొండ మీదికి పోతారు. కాళ్ళకు పలకలు తగిలించుకుని పైనుంచి కిందికి జారతారు. డబ్బిచ్చి మరీ కిందపడేవాళ్ళను నేను ఈ ఇంట్లోనే చూశాను. వాళ్ళు పోతే ఇంటికి తాళం, తాళం పడితేనే వెంకటేశ్వరికి ఊరు. వాళ్ళు ఆగిపోతే ఆమె టికెట్టూ ఆగిపోయినట్టే.

పోయిన ఏడు ఆ సెలవు ఆమెకు ఎంత ముఖ్యమంటే, కూతురు శివపార్వతికి తొలి కానుపు సరిగ్గా ఆ వారమే అన్నారు. తొలి కానుపు పుట్టింట్లో కదా. పిల్ల అప్పటికే లక్కిరెడ్డిపల్లె చేరింది. "అమ్మ లేని ఇల్లు పుట్టిల్లు యెట్లయితుంది బాషన్నా?" అని ఆమె నన్నడిగింది. మామాకు, అంటే ఇంటావిడకు, ఈ సంగతి చెప్పమంటే వినలేదు. చెప్పినాక పంపకపోతే మళ్ళీ ఆమె ముఖం చూడబుద్ధి కాదట. పోయే వారం ఎట్లాగూ ఉంది, ఎందుకు అడుక్కోవడం అంది.

ఇక మొదలైంది చూడండి మంచు గోల. పెద్దపిల్ల నూరా ఆ కొండ వాతావరణం చెప్పే యాప్ వెంకటేశ్వరి ఫోన్లో పెట్టింది. కొండ మీద మంచు ఎంత మందం ఉంది, రేపు ఎంత కురుస్తుంది, గాలి ఎట్లా ఉంది, మనుషుల్ని పైకి మోసుకుపోయే తీగల బండ్లు తిరుగుతున్నాయా, అన్నీ బొమ్మల్లోనే. అడుగున ఒక రంగు పట్టీ. పచ్చగా ఉంటే భయం లేదు, ఎర్రబడితే మంచుచరియలు విరిగి మీద పడొచ్చు. రోజూ పొద్దున పిల్లలకు రొట్టె పెడుతూ ఆమె కొండ కబురు చెప్పేది, వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంట్లో అదొక ముచ్చటైపోయింది.

ఆ ఏడు మంచు సరిగా పడలేదు. యాప్‌లో కొండను చూపించే కెమెరా ఉంది, అందులో చూస్తే బండరాళ్ళు కనబడుతున్నాయి. ఈసారి పోవద్దులే అని బాబా, అంటే ఇంటాయన, సణగడం మొదలుపెట్టాడు. వెంకటేశ్వరికి అన్నం సహించలేదు. మంచు పడితే రాయచోటి వీరభద్రస్వామికి టెంకాయలు కొడతానని మొక్కుకుంది. బయట దుమ్ముగాలి లేస్తుంటే వంటింట్లో కూర్చుని మంచు కోసం మొక్కే మనిషిని నిన్నే చూస్తున్నానని నేను ఎగతాళి చేశాను. ఆమెకు చెప్పకుండా నేనూ కడప పెద్ద దర్గాకు మొక్కుకున్నాను, అది వేరే సంగతి.

మొక్కు ఫలించింది. ఫోన్లో మబ్బు బొమ్మ కింద చుక్కలు రాలుతూనే ఉన్నాయి, అంకె రోజురోజుకీ పెరిగిపోయింది. ఆమె ఓళిగలు చేసి నాకు నెయ్యి వేసి పెట్టింది. మేమిద్దరం సీమ మనుషులం. పైనుంచి ఏది పడినా మంచిదే, ఎంత పడితే అంత మంచిదే అనుకునే జాతి. పడింది ఎక్కువైతే కొంప మునుగుతుందన్న ఆలోచనే మాకు రాలేదు. తెల్లారి చూస్తే కొండదారి మూసేశారు, తీగల బండ్లు ఆపేశారు. నోట్లో ఓళిగ రుచి ఇంకా పోకముందే మా ముఖాలు మాడిపోయాయి.

ప్రయాణానికి ముందురోజు పొద్దున కొండ మీది హోటలు వాళ్ళు దారి తెరిచాం, రండి అని కబురు పెట్టారు. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను పెట్టెలు కిందికి దించాను. నా మనసూ గంతేసింది, ఎందుకు దాచాలి. హోటలు కబురు వచ్చాక ఇంక ఫోను చూసే పని ఎవరికుంది? మామా మాత్రం నవ్వుతూ, అలవాటు కొద్దీ, నీ కొండ ఏమంటోంది అని వెంకటేశ్వరిని అడిగింది.

వెంకటేశ్వరి అప్పటికే చూసేసింది. ఆమె ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది. బాగుంది మామా అని ఒక్క మాట అంటే చాలు, ఎల్లుండి కూతురి పక్కన ఉంటుంది. ఆమె పొయ్యి ఆపింది, చేతులు తుడుచుకుంది, ఫోను తెచ్చి మామా ముందు పెట్టింది.

"మామా, దారి తెరిచినారు గానీ పట్టీ ఎర్రగానే ఉంది. పిల్లోళ్ళతో పోవద్దు" అని తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది.

బాబా ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. ఇద్దరూ పిల్లల వైపు చూశారు. ఖలాస్, ఈ ఏడు వద్దు అన్నాడాయన. పిల్లలు ఏడ్చారు. వెంకటేశ్వరి వంటింట్లోకి పోయి మధ్యాహ్నానికి బియ్యం కడిగింది.

ఆ వారంలోనే శివపార్వతికి ఆడపిల్ల పుట్టింది. పక్కింటి సంజీవమ్మ దగ్గరుండి చూసుకుంది, పాపకు నీళ్ళూ ఆమే పోసింది. వెంకటేశ్వరి అంతా ఫోన్లోనే చూసింది. చూసి నవ్వింది, తర్వాత గ్యాసు బండ పక్కన కూర్చుని ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది ఎప్పుడంటే, అదే కొండకు పోయిన పక్కవీధి వాళ్ళు సెలవులు కాగానే చక్కగా తిరిగొచ్చినప్పుడు. ఏ చరియా విరగలేదు, ఎవరికీ గీత కూడా పడలేదు. వాళ్ళ డ్రైవరు దగ్గరున్న ఫోటోలు నా ఫోన్లోకి ఎక్కించుకుని, ఆమె ముందు పెట్టి, "చూడు తల్లీ, ఏమీ కాలా. బంగారట్లా కానుపు పోగొట్టుకుంటివి. ఆ పొద్దు నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయేది?" అని కడిగేశాను.

ఆమె ఫోటోలన్నీ నిదానంగా చూసింది.

"ఏమీ కాలేదంటే మంచిదే కదన్నా" అంది. "ఎరుపు చూసి కూడా ఈ పిల్లోళ్ళను పొమ్మని పంపించి, నేను ఊర్లో మనవరాలికి నీళ్ళు పోస్తా కూచునుంటే, ఆ బిడ్డను యే చేతుల్తో ఎత్తుకునేది?"

 

మరునాడు మామాను బడికి దించుతూ, ఆమె అక్కడ టీచరు, దారిలో సంగతంతా చెప్పేశాను. వెంకటేశ్వరి తిడితే తిట్టనీ అనుకున్నాను.  బడి దగ్గర దిగాక మామా కారు తలుపు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. సాయంత్రం పిల్లల భోజనాలు పక్కపేట ఫింటాస్‌లో ఉన్న తన తల్లి దగ్గర ఏర్పాటు చేసి, వెంకటేశ్వరికి టికెట్టు తీసింది. విమానాశ్రయానికి నేనే దించాను. దారి పొడుగునా నన్ను తిట్టింది, మధ్యమధ్యలో నవ్వింది.

రెండోరోజు ఊరి నుంచి ఫోటో వచ్చింది. చాచిన కాళ్ళ మీద బోర్లా పడుకున్న పాప, వీపు మీద నీళ్ళు పోస్తున్న చేతులు. ముఖం ఫోటోలో పడలేదు. ఆ చేతులు ఎవరివో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు.