ఎడమచేతి బరువు

మాకు తాళంచెవి లేకుండా తాళాలు తియ్యడం నేర్పిన ఆయన్ని అందరం 'మెల్లిగా మాస్టారు' అనేవాళ్లం. నోరు తెరిస్తే "మెల్లిగా, మెల్లిగా" అనడం వల్ల వచ్చిన పేరది. ఆయన ఉద్యోగం తూకం యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో. తాళాలు సరదా. ఆదివారం పొద్దున ఆయన ముందుగదిలో నలుగురం చేరేవాళ్లం. ఎవరి తాళం వాళ్లే తెచ్చుకోవాలి. పరాయివాళ్ల తాళం మీద చెయ్యి వేశారని తెలిస్తే మళ్లీ గడప తొక్కనివ్వరు.

నేను బట్టల దుకాణంలో తానులు కత్తిరించేదాన్ని. చేతిలో బలానికి కొదవ లేదు, అదే నా కొంప ముంచింది. తాళంచెవి దూరే కంతలో ముందుగా ఒక వంచిన సన్నటి కమ్మీ పెట్టి, ఎడమచేతి వేలితో కాస్త తిప్పిపట్టాలి. ఆ ఒత్తిడి వదలకుండా, కుడిచేతి పుల్లతో లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటే పైకి లేపాలి. ఎక్కువ నొక్కితే అన్నీ బిగుసుకుపోతాయి. తక్కువైతే లేపినవి కిందికి జారిపోతాయి. నా నొక్కుడుకి కమ్మీయే వంగిపోయేది.

"తాళంతో కుస్తీ పట్టడానికొచ్చావా తల్లీ? వేలి బరువు చాలు. పిన్ను కుదురుకోగానే కమ్మీ పిసరంత కదుల్తుంది. అది నీ వేలికి తెలియాలి," అనేవారు. ఆరు నెలలపాటు నా వేలికి ఏమీ తెలియలేదు.

ఇంతలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, కాలు కోలుకుంది. ఎడమచెయ్యి కదులుతుంది గానీ వేళ్లకి స్పర్శ లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని చర్మం కాలినా తెలియలేదట. మూడు నెలల తర్వాత మేం వెళ్లేసరికి బల్ల మీద వంగిపోయిన కమ్మీలు మూడున్నాయి. అవి ఎవరి పనో అడగక్కర్లేదు. నన్ను తిట్టిన తప్పే ఆయన చేస్తున్నారు. చూడలేకపోయాను.

"ఇవాళ కూడా ఈ తాళం ఊడిరాకపోతే ఇక ఆదివారాలు లేవు. నా చేతికే తెలియనిది ఎవరికి నేర్పుతాను?" అన్నారు మాస్టారు.

ఆయన భార్యని మేం పిన్నిగారు అంటాం. ముప్పై ఏళ్లుగా ఈ ఇనప చెత్తని తిట్టిపోస్తున్న మనిషి. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆ కమ్మీ ఇటివ్వండి. నేను పట్టుకుంటా, మీరు లేపండి."

"నీకేం వచ్చని?"

"మీకు మాత్రం ఏమొచ్చు ఇప్పుడు?"

మేం తలలు దించుకున్నాం. మాస్టారి మొహం మాడిపోయింది. కమ్మీ ఆవిడ చేతిలో పెట్టారు.

మొదటిసారి ఆవిడ గట్టిగా నొక్కేశారు. రెండోసారి పట్టు జారింది. ఇద్దరూ మా ముందే కీచులాడుకున్నారు. మూడోసారి ఆయన పుల్ల ఆడిస్తుండగా పిన్నిగారు ఉలిక్కిపడ్డారు.

"ఏవండీ, కదిలింది."

"ఎంత?"

"కదిలిందో లేదో అన్నంత."

"అదే. అలాగే ఉంచు, ఊపిరి కూడా గట్టిగా తియ్యకు."

ఇంకా నాలుగు పిన్నులు. చివరిది లేవగానే తాళం టక్కున ఊడింది. మేం చప్పట్లు కొట్టాం. ఆయన తాళం వంకే చూడలేదు.

"కదిలినప్పుడు నీ వేలికి ఎలా ఉంది? సరిగ్గా చెప్పు. నాకది మరుపొచ్చేసింది."

పిన్నిగారు కాస్త ఆలోచించారు. "ఆస్పత్రిలో మీకు తెలివి లేనప్పుడు మీ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను కదా. నాలుగోరోజు మీ వేలు కదిలింది. అందర్నీ పిలిచాను. నీ భ్రమ అన్నారు. భ్రమ కాదని నాకు తెలుసు. ఇందాకటిదీ సరిగ్గా అంతే."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరూ భ్రమే అంటారని."

మాస్టారు తాళాన్ని మళ్లీ నొక్కి మూసి, ఆవిడ ముందుకు జరిపారు.

"ఇంకోసారి పట్టు. ఈసారి ప్రతి పిన్నుకీ చెప్పు, ఒక్కటీ వదలకు," అన్నారు.