సత్యనారాయణమ్మగారి ఆరు తగువులు

“మీ కోళ్ళు మా పెరట్లోకొచ్చి తోటకూర మొత్తం పొడిచేసినియ్యండి. ఇది నాలుగోసారి. నేను లెక్కెట్టేను.”

“కోళ్ళకి హద్దులు తెలుస్తాయేంటండీ? కంచె మీరు కట్టుకోవాలి.”

“ఉన్న కంచె పీకించింది మీ అబ్బాయే కదండీ, బండి తిప్పుకోడానికని.”

“మా అబ్బాయి ఊసెత్తకండి వదినగారూ. మీ ఆయన మా గోడకి సైకిలు ఆనించి ఆనించి సున్నం రాల్చేసేరు. నేను నోరెత్తేనా?”

ఇక్కడ ఆపి, హెడ్‌ఫోన్స్ సర్దుకుని, మళ్ళీ మొదటినుంచి విన్నాను. అది ఐదోసారి. మాటలు టైపు చేయడం మొదటిసారికే అయిపోయింది. ఏదో తేడాగా ఉందని మిగతా నాలుగుసార్లూ విన్నాను. ఏమిటో అంతుపట్టలేదు.

అమలాపురంలో వీరేంద్రగారని ఒక లెక్చరర్ ఉన్నారు. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారన్నది ఆయన పరిశోధన. బీటెక్ రెండో ఏడాదిలో మానేసిన నేను ఆయన రికార్డింగులు విని టైపు చేస్తుంటాను. ఆరేళ్ళ కిందట అనితగారని ఒకావిడ ఇదే కోనసీమలో ఆరు తగువులు రికార్డు చేసి, పన్నెండుమంది ఆడవాళ్ళ మాటల మీద పీహెచ్‌డీ చేశారు. ఇక్కడివాళ్ళు పోట్లాటలో కూడా ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగుతారని తేల్చారు. ఆ మాట నలుగురికీ నచ్చింది. ఆవిడకి పేరొచ్చింది, కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది.

అదే పని మళ్ళీ చేస్తే అదే ఫలితం వస్తుందా అని వీరేంద్రగారు మొదలుపెట్టారు. రాలేదు. నాలుగు ఊళ్ళలో, ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళలో వారం చొప్పున రికార్డర్లు ఉంచితే, ఎక్కడ విన్నా ఒకరి మాట మీద ఇంకొకరి మాట. కొన్నిచోట్ల ముగ్గురు. టైపు చేయలేక చచ్చాను. ఆయన మాత్రం “మన పద్ధతిలోనే ఏదో లోపం ఉందయ్యా” అంటూ రెండేళ్ళ పని పక్కన పడేసేదాకా వచ్చారు. నాకు నచ్చలేదు. ఇద్దరి ఫలితాలు కలవకపోతే తప్పు రెండోవాళ్ళదే అని ఎవరు చెప్పారు?

పాత ఆడియోలు కావాలని అడగ్గానే, ఈ కోళ్ళ తగువుతో సహా ఆరూ అనితగారు పంపేశారు. దాచుకునేవాళ్ళు పంపరు. అందుకే ఆవిడ మీద నా అనుమానం ముందుకు సాగలేదు.

ఆదివారం మా అమ్మ, పెద్దమ్మ అట్లపిండి పులిసిందా లేదా అని వాదించుకుంటుంటే వాచీ పట్టుకుని పక్కన కూర్చున్నాను. నిమిషంలో పదకొండుసార్లు ఒకరికొకరు అడ్డొచ్చారు. ఆ తర్వాత ఆరు పాత తగువులూ వరసగా విన్నాను. ఒక్కసారి కూడా లేదు. ఒకావిడ ముగించాక ఊపిరి తీసుకునేంత ఖాళీ, అప్పుడు రెండో ఆవిడ. ప్రతిచోటా అంతే ఖాళీ. గొంతులు పన్నెండు, ఊపిరి ఒకటే.

ఫైలు పేరులో “ముక్తేశ్వరం, సత్యనారాయణమ్మగారి ఇల్లు” అని ఉంది. మర్నాడు బస్సెక్కాను.

కాలవగట్టు పక్కన రెండు గదుల ఇల్లు. ఆవిడకి అరవై దాటాయి. గుమ్మంలో కూర్చుని చీరకి ఫాల్ కుడుతున్నారు. ఇరవయ్యేడేళ్ళు చీరల మూట భుజాన వేసుకుని, పంటు మీద గోదావరి దాటి ద్రాక్షారామం వైపు ఊళ్ళన్నీ తిరిగారు. భర్త దుర్గారావుగారు ఆ పంటు మీదే పనిచేసేవారు. ఆయన పోయాక, మోకాళ్ళు మొరాయించాక, తిరగడం మాని కుట్టుపనికి దిగారు. ఇదంతా నేను మంచినీళ్ళు తాగేలోపే చెప్పేశారు. చెప్పేటప్పుడు ఏ ఊరివాళ్ళ సంగతి వస్తే ఆ ఊరివాళ్ళ గొంతే పలికింది. బేరమాడే కాపుగారి భార్య, రంగు నచ్చని కొత్త కోడలు, అందరూ ఆ గుమ్మంలోకే వచ్చి వెళ్ళారు. ఒక నియమం మాత్రం ఉందట. ఏ ఊరివాళ్ళ గొంతూ ఆ ఊళ్ళో తియ్యరు. ఏటికి అవతలివాళ్ళని ఇవతల, ఇవతలివాళ్ళని అవతల.

కోళ్ళ తగువు వినిపించాను.

“ఇది ఎవరిదండీ, మామ్మగారూ?”

“ఎవరిదేంటి, కోళ్ళ తగువు.”

“కోళ్ళు ఎవరివండీ?”

ఆవిడ దారం పంటితో తెంపారు. “అనితమ్మ పంపిందా నిన్ను?”

“లేదండి. ఆవిడకి తెలీదు.”

అప్పుడే చీర పట్టుకెళ్దామని పక్కింటి రామలక్ష్మిగారు వచ్చి, ఫోను వైపు చెవి పెట్టి నవ్వారు. “రెండో గొంతు కోటిపల్లి మునసబుగారి చెల్లెలు కదండీ, వదినగారూ? అచ్చం దించేసేరు.”

“నీ చీర అయిపోయింది. పట్టుకెళ్ళు.”

ఆవిడ వెళ్ళలేదు. అరుగు మీద కూర్చున్నారు.

సత్యనారాయణమ్మగారు సూది పక్కన పెట్టారు. “ఆ పిల్ల ఏడో నెల కడుపుతో వచ్చింది నాయనా. ఎండలో బస్సు దిగి తూలిపోతోంది. నెలాఖరులోగా తగువులు కావాలండి, లేపోతే గైడుగారు ఒప్పుకోరండి అంది. ఇదేం చదువే తల్లీ అన్నాను. రికార్డు చెయ్యమని ఇంకో ఫోను నా చేతిలో పెట్టి, వారంలో వస్తానని ఎల్లిపోయింది.”

“తగువులు దొరకలేదా?”

“తగువులకేం. ఈ రామలక్ష్మి నోరిప్పితే కాలవ అవతల గేదెలు లేచి నుంచుంటాయి. ఫోను చూపించి, ఆ పిల్ల కోసం కాస్త పోట్లాడవే అన్నాను. కొంగు సర్దుకుని, ముందు మీరు కానియ్యండి వదినగారూ అంది. వీధి వీధంతా అదే వరస.”

“పైనించొచ్చినోళ్ళు వింటారంటే పోట్లాడతామేంటండీ, బావుంటుందా?” అన్నారు రామలక్ష్మిగారు.

అందుకని తలుపేసుకుని రెండు వైపులా ఆవిడే మాట్లాడారు. ఏడు రోజుల్లో ఆరు తగువులు.

“అంత చదువుకున్న పిల్ల, వినగానే పట్టేసుకుంటదనుకున్నాను. చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇంకేం చెప్తాను?”

అనితగారి పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి ఉంచుకున్నాను. అది చూపించాను. “ఈ తగువులన్నీ పరిశోధకురాలి సమక్షంలో రికార్డు చేసినవి.” ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివారు.

“తను లేదుగా.”

“లేరండి. ఆ వాక్యం రాయకుండా ఉంటే, మరి రికార్డు చేసిందెవరని ఎవరో ఒకరు అప్పుడే అడిగేవారు.”

“ఇప్పుడు చెప్తే ఆ పిల్ల ఉద్యోగం పోద్దా?”

“పోవచ్చు. నాకు తెలీదండి.”

“చెప్పకపోతే?”

“మా సారు రెండేళ్ళ పని బుట్టదాఖలు. ఆ పుస్తకం చూసి ఇంకెవరో మనూళ్ళ గురించి అదే నిజమని రాస్తారు.”

కాదని బుకాయిస్తారని, లేదా నన్ను బతిమాలతారని అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆరు తగువులూ మొదటినుంచి పెట్టమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. నీళ్ళ కుళాయి తగువు దగ్గర “ఈ గొంతు కుదర్లేదు, జలుబు చేసింది అప్పుడు” అన్నారు. ఊపిరి ఖాళీ ఎలా పట్టుకున్నానని అడిగారు. మా అమ్మ, పెద్దమ్మల పదకొండు అడ్డాల సంగతి చెబితే, “పన్నెండోది నువ్వే వదిలేసుంటావు” అన్నారు. ఏ గొంతు ఏ ఊరిదో వేళ్ళ మీద చెప్పారు. పన్నెండులో తొమ్మిది ఏటికి అవతలివి; తలుపేసుకున్నామన్న ధైర్యంతో మూడు మాత్రం ఇవతలివి తీశారట. కోనసీమ ఆడవాళ్ళ మర్యాదకి సాక్ష్యంగా నిలబడ్డ పన్నెండుమందిలో కోనసీమవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ కూడా ఈవిడే.

రామలక్ష్మిగారు నవ్వడం మానేసి చాలాసేపయింది. “మీకెందుకండీ వదినగారూ, తెలీదని చెప్పి పంపెయ్యండి” అన్నారు మెల్లిగా.

“తెలీదంటే ఏడోది చేసినట్టే.”

ఆవిడ కుడుతున్న చీర మడత పెట్టి లోపల పెట్టి వచ్చారు. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

“ఫోను తియ్యి. ఆరూ ఎలా చేసేనో నా గొంతుతో చెప్తాను. కానీ నాయనా, ఇది ఇవాళ మీ సారుగారికి పంపకు. అనితమ్మకి పంపు.”

“నాకు పనిచ్చింది ఆయనండి. ఆయన దగ్గర దాచలేను.”

“దాచమన్లేదు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఆయనకీ పంపేయ్. అదే మాట ఆ పిల్లకీ ఇందులో చెప్తాను. ఈలోగా తనే ఆయనకి ఫోను చేసి చెప్పుకుంటదో లేదో తన ఇష్టం. ఆ ఒక్క పూట మాత్రం ఇయ్యి.”