ఉలవలు తిన్న మేకపోతు

కరోనా తగ్గిన మరుసటి ఏడు నేను పెనుకొండ దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. ఇల్లు హిందూపురంలో, రోజూ బస్సు ప్రయాణం. మడకశిర దారిలోని పల్లెల్లో ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి. ఖాళీ పడిన కొట్టాల్లో మేకలు చేరాయి.

గుట్టల మేత మీదే పెరిగే పోతుకు తొందరగా కండ పట్టదు. దానికి ప్రోటీన్, అంటే మాంసకృత్తులు కావాలి. మా సీమలో అందుకు ఉలవలే దిక్కు. ఉలవల్ని దోరగా వేయించి, తిరగల్లో రవ్వగా విసిరి, వేరుశనగ కట్టెతో, అంటే కాయలు తీశాక ఎండబెట్టిన చెట్ల మేతతో పాటు పెట్టాలి. పిడికెడుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచినా దోసిలి దాటకూడదు. దాటితే రూమెన్, అంటే నెమరువేసే జీవాల మొదటి పొట్ట, పులిసి ఉబ్బుతుంది. ఈ పాఠం ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్కలేదు. తల ఊపి తమకు తోచినట్టు చేసేవాళ్లే ఎక్కువ. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది.

చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఓబుళప్ప. డెబ్బై దాటిన రైతు. కొడుకు రామాంజి పొలం చూసుకుంటే మేకల పని ఆయనది. రోజూ ఉలవలు తానే వేయించి, తానే విసిరేవాడు. నెలలు గడిచేకొద్దీ పెద్ద పోతు నడుం మీద చెయ్యి వేస్తే వెన్నెముక తగలడం మానేసింది. హిందూపురంలో మాంసం కొట్టు నడిపే బాషా వచ్చి చూసి మురిసిపోయాడు, సోమవారం తీసుకుపోతానన్నాడు.

ఆ సోమవారం పొద్దున్నే రామాంజి ఫోన్ చేశాడు. "మేడం, పోతు కడుపు తప్పెట మాదిరి ఉబ్బిండాది. బిరీన రాండి!"

వెళ్లేసరికి పోతు కాళ్లు బిగబట్టి పళ్లు కొరుకుతోంది. ఎడమ డొక్క రాయిలా ఉంది. స్టమక్ ట్యూబ్, అంటే నోట్లోంచి పొట్టలోకి దించే గొట్టం వేసి గాలి తీశాను. వేరుశనగ నూనె, వంట సోడా నీళ్లు పట్టించి, ఇంజెక్షన్ ఇచ్చాను. అంతసేపూ ఓబుళప్ప దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం పెట్టినారు?" అన్నాను.

"ఉలవలే మేడమ్మా. ఉడకేసి పెట్టినా."

"ఎంత?"

ఆయన పక్కనున్న కుండ చూపించాడు. అది ఖాళీగా ఉంది.

నాకు ఒళ్లు మండింది. "దోసిలి దాటొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా?"

"అది దినామూ పెట్టేది గదా మేడమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ పొద్దు అది పోయే దినం."

రామాంజి గట్టిగా అందుకున్నాడు. "చూడండి మేడం! నాయనకు ఇంగ చేతగాదు. రేపట్నుంచి జీవాల తావుకే రానీను."

ఓబుళప్ప నా వైపు తిరిగాడు. "మా ఎద్దుల్ని అమ్మినప్పుడు నేను ఈడ లేను మేడమ్మా. కంటి ఆపరేషనుకని ధర్మవరంలో ఉండా. వచ్చి చూస్తే గుంజలే ఉండాయి. వాకిలి దాటే గొడ్డుకు కడుపు నిండా ఉలవలు పెట్టి, బొట్టు పెట్టి పంపల్ల. మా నాయన అట్లే చేస్తాండె. నా చేత్తో సాకిన ఎద్దులు, ఏం తిని పోయినాయో గూడా తెలీదు నాకు. అవి యాడుండాయో, ఉండాయో లేవో... ఇప్పుటికీ తెల్లార్తానే ముందు ఆ గుంజల తావుకే పోతా."

రామాంజి తల దించుకున్నాడు. "వానల్లేక మేత దొరకలా మేడం. నాయన ఉంటే అమ్మనీడని..." అని ఆగిపోయాడు.

మందు పడిన జీవాన్ని వెంటనే కోయకూడదు. ఆ మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగే గడువును విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. అది అయ్యేదాకా పోతు ఇక్కడే ఉండాలని చెప్పాను. "అంతవరకూ మేత ఓబుళప్పే చూడాలి. దీనికి ఇంత కండ పట్టిందంటే ఆయన చేతి చలవే," అని కూడా అన్నాను.

గడువు తీరాక బాషా ఆటో తెచ్చిన రోజు, పోతును చూడాలని నేనూ వెళ్లాను. అవసరం లేదు, మనసు ఆగలేదు. ఓబుళప్ప పోతు నుదుట బొట్టు పెట్టాడు. ఉడికిన ఉలవలు ఒక్క పిడికెడు అరచేతిలో పోసుకుని నోటికి అందించాడు. అది నింపాదిగా తింటోంది.

"ఎద్దులు గూడా ఇట్లే, నాలికతో చెయ్యంతా గీకుతా తింటాండె," అన్నాడు.

"టైమైతాంది రామాంజీ," అన్నాడు బాషా.

పలుపు రామాంజి చేతిలో ఉంది. "ఉండప్పా," అన్నాడు. లోపలికి వెళ్లి ఇంకాసిన్ని ఉలవలు తెచ్చి నా వైపు చూశాడు. పర్వాలేదని తలూపాను. వాటిని తండ్రి అరచేతిలో పోసి, "నిదానంగా పెట్టు నాయనా. అది తిన్నాకే పంపుతాం," అన్నాడు.

తర్వాత బజారులో బాషా కనిపించి, ముక్క మెత్తగా ఉడికిందని, నీచు వాసన లేదని, అట్లాంటి పోతులు ఇంకా ఉంటే చెప్పమని అడిగాడు. ఉలవల మేత గురించి నేను చెప్పేది నిజమేనని నాకు తృప్తి కలిగింది. కానీ ఆ కేసు నాకు నేర్పింది అది కాదు. అప్పటిదాకా రైతులకు నేను రాసిచ్చే మేత చీటీ, జీవం కొట్టంలోకి వచ్చిన రోజుతో మొదలై బరువు తూగే రోజుతో ముగిసేది. ఇప్పుడు కింద ఇంకో వరుస రాస్తున్నాను.

అమ్మే రోజు: ఉడికిన ఉలవలు, ఒక పిడికెడు. సాకినవాళ్లే చేత్తో పెట్టాలి.